గుమ్మముపై వ్రాసినది, గుమ్మములో కనబడునది

చదువవలసిన వాక్యభాగములు: యోహాను 19:19-22, ఎఫెసీ 2:11-19, యాకోబు 2:1-4



బళ్లారిలో బస్సు దిగిన కొత్తవాడు మొదట చూచేది బోర్డులనే. ఏ వీధి, ఏ ఊరి బస్సు, ఎక్కడ భోజనము అని వెదకుకొంటాడు. మనలో అనేకులము అలాగే ఇక్కడికి వచ్చినవారము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో కలిసెను. బళ్లారి మైసూరు రాష్ట్రములో చేరెను. సరిహద్దు గీత మారినది గాని ఇండ్లలో మాట మారలేదు. తరువాత తుంగభద్ర కాలువల క్రింద పొలములు కొని క్యాంపులలో స్థిరపడినవారు, పత్తి, మిరప కోతలకు కూలికి వచ్చినవారు, తోరణగల్లు ఉక్కు కర్మాగారములో పనికి చేరినవారు మన సంఘములలో కలిసిరి.

కర్నాటక ప్రభుత్వము 2024లో వ్యాపార సంస్థల బోర్డులలో 60 శాతము కన్నడము ఉండవలెనని చట్టము చేసినది. అంగళ్ల సంగతి అటుంచి, మందిరము బోర్డు ఏ భాషలో ఉండవలెనను ప్రశ్న మన మధ్యకూడ వచ్చుచున్నది. ఈ నెల పాఠములో దానిని వాక్యపు వెలుగులో ధ్యానించుదము.

1. యెరూషలేములోని రెండు బోర్డులు

ప్రభువు దినములలో యెరూషలేము దేవాలయములో అన్యజనుల ఆవరణమునకును లోపలి ఆవరణమునకును నడుమ ఒక అడ్డుగోడ ఉండెను. అన్యుడెవడును దానిని దాటరాదనియు, దాటి పట్టుబడినవాని మరణమునకు వాడే కారకుడనియు రాళ్లపై చెక్కి నిలిపిరి. గ్రీకులో చెక్కిన అట్టి రాయి ఒకటి 1871లో యెరూషలేములో దొరికెను. అది ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియములో ఉన్నది. గమనించండి, పరదేశికి బాగుగా అర్థము కావలెననియే పరదేశి భాషలో వ్రాసిరి. భాష వానిదే గాని స్వాగతము లేదు! గ్రీకువారిని లోపలికి తెచ్చెనను నిందమీదనే పౌలును పట్టుకొనిరి (అపొ. కార్య. 21:28-29).

రెండవ బోర్డు పట్టణము వెలుపల, ప్రభువు సిలువపైన ఉండెను. పిలాతు దానిని హెబ్రీ, లాటిన్, గ్రీకు భాషలలో వ్రాయించెను. ఆ స్థలము పట్టణమునకు సమీపమైనందున అనేకులు దానిని చదివిరని యోహాను చెప్పుచున్నాడు. పిలాతు వ్రాయించినది నేరారోపణగానే. అయినను దేవుడు దానినే దారిన పోవువారందరికి రాజును గూర్చిన ప్రకటనగా చేసెను. ఆ సిలువ చేతనే మధ్యగోడ పడగొట్టబడెనని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. మన బోర్డు ఈ రెంటిలో దేనికి బంధువు?

2. బోర్డు లేని స్వాగతము

బళ్లారికి 1810లో వచ్చిన లండన్ మిషనువారి జాన్ హ్యాండ్స్ కన్నడము నేర్చుకొని బైబిలును ఆ భాషలోనికి తెచ్చుటకు ప్రయాసపడెను. వచ్చినవాడే ఊరివారి భాష నేర్చుకొనెను. ఆ ఊరిలో నివసించు మనము బోర్డుమీద కన్నడము పెట్టుటకు వెనుకాడవచ్చునా?

మన బాప్తిస్టు పితరులను కూడ జ్ఞాపకము చేసికొందము. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్ల తవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి పని కల్పించెను. అన్నముకొరకు చేరిరను మాట రాకుండ కరవు సహాయము జరుగుచుండగా బాప్తిస్మములు ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిని పిలిచినది రంగు వేసిన బోర్డు కాదు. అక్కరలో తమను మనుష్యులుగా ఎంచినవారిని వారు చూచిరి.

3. మన గుమ్మము సంగతి

ఒక సంగతి సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. మా సంఘములలో ఒకదాని గుమ్మముపై "అందరికి స్వాగతము" అని పెద్ద అక్షరములతో ఉన్నది. పత్తి కోతకు వచ్చిన ఒక కుటుంబము ఆదివారము ఆ మాట చదివి లోపలికి వచ్చిరి. కుర్చీలు ఖాళీగానే ఉన్నను, చెప్పులు విడుచు చోట చాప చూపించితిమి. ఆరాధన ముగిసిన తరువాత ఏ ఊరివారని ఎవరమును అడుగలేదు. మరుసటి ఆదివారము వారు రాలేదు. వెదకుటకు పేరైనను మనకు తెలియదు. బంగారు ఉంగరము గలవానికి మంచి చోటు, దరిద్రునికి పాదపీఠమునొద్ద చోటు చూపుటను గూర్చి యాకోబు వ్రాసిన మాట మన సంఘమునకే వ్రాసినట్లున్నది. బోర్డు అబద్ధమాడలేదు; మనమే దానిని అబద్ధము చేసితిమి.

4. చేయవలసినవి

బోర్డుపై కన్నడము, తెలుగు రెండును ఉండనిండి. మన పిల్లలనేకులు కన్నడ బడులలో చదువుకొని తెలుగు అక్షరములు చదువలేకున్నారు. మన బోర్డు వారికికూడ పరాయిది కాకూడదు. ఆరాధన వేళ స్పష్టముగా వ్రాయించండి; మారినప్పుడు దిద్దించండి. దాతల పేర్లకంటె ప్రభువు నామము పెద్దదిగా ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి ఆదివారము బోర్డు క్రింద ఒక సహోదరుడు, ఒక సహోదరి నిలిచి, కొత్తవారి పేరు అడిగి, తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. కోత కాలములో సాయంకాలము గుడిసెలయొద్దకు మనమే వెళ్లి పలకరించుదము. మనమును ఒకనాడు పరదేశులమే గదా (లేవీ. 19:34).

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన మందిరము బోర్డును చదువలేనివారు మన వీధిలో ఎవరున్నారు?
2. గత మూడు నెలలలో ఒక్కసారి వచ్చి మరల రానివారు ఎవరు? వారిని వెదకితిమా?
3. మన మందిరములో రాతిపై చెక్కకపోయినను అందరికి తెలిసిన అడ్డుగోడ ఏది?

ప్రార్థన: ప్రభువా, గోడను పడగొట్టిన నీ సిలువ క్రింద మేమును పరదేశులముగా వచ్చి చోటు పొందితిమి. మా గుమ్మముపై వ్రాసిన మాటను మా చేతులలోను మా ముఖములలోను నిజము చేయుము. ఆమేన్.