ఋణదాత బాధ్యత

అప్పుచేసిన రైతునకు బుద్ధులు చెప్పువారు లోకమున మెండు. తీర్చలేనని తెలిసియు నేల తీసికొంటివని యందరు నడుగుదురు. తీర్చలేడని తెలిసియు నేల యిచ్చితివని ఋణదాత నడిగినవారు చాలకాలము కానరారైరి. ఈ రెండవ ప్రశ్నను చట్టము క్రమముగా నెట్లు నేర్చుకొన్నదో, అందువలన మన సభ్యులకు గలిగిన హక్కు లెట్టివో యీ పాఠమున తెలుపదలచితిమి.

మన ప్రాంతము మదరాసు రాజధానిలో చేరియుండిన కాలమున, 1938లో, రాజాజీ మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణోపశమన చట్టమును చేసెను. 1932 అక్టోబరు 1వ తేదికి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ దానివలన రద్దయ్యెను. అట్టి అప్పులలో అసలునకు రెండింతలు చెల్లించియున్నవాని బాకీ పూర్తిగా తీరినట్లే యెంచబడెను. ఇకమీదటి అప్పులకు సాలునకు నూటికి ఆరుంబావు మించి వడ్డీ కూడదనిరి. మేలైన చట్టమే, కాని గాయమైన పిమ్మట కట్టిన కట్టు.

2010 నాటి కష్టము వేరు విధమైనది. సూక్ష్మఋణసంస్థలు ఆస్తి తాకట్టు కోరక, స్త్రీలను జట్లుగా కూర్చి, ఒకరికొకరిని పూచీ నిలిపి, వారపు కిస్తులపై అప్పు లిచ్చెను. ఇల్లు చూచి యిచ్చుట పోయి, సంఖ్య పెంచుకొనుట కిచ్చుట మొదలయ్యెను. ఒక సంస్థ కిస్తు కట్టుటకు మరియొక సంస్థ వద్ద అప్పు; దానిని తీర్చుటకు మూడవది. కిస్తు తప్పినయామె గుమ్మము ముందు తోడిస్త్రీలనే కూర్చుండబెట్టిరి. పొరుగున కృష్ణాజిల్లాలో 2006లోనే అధికారులు కొన్ని శాఖలను మూయించియుండిరి గాని, ఆ హెచ్చరిక చాలలేదు. ఆత్మహత్యల వార్తలు వచ్చిన మీదట 2010 అక్టోబరులో ఆర్డినెన్సును, 2011లో చట్టమును వచ్చెను. సంస్థలు జిల్లాలో నమోదు కావలెననియు, వసూలు నెలకొకసారి బహిరంగస్థలమున జరుగవలెననియు, వడ్డీ అసలును మించరాదనియు శాసించిరి.

పీడన తగ్గెను. అయితే వసూళ్లతోపాటు క్రొత్త అప్పులును నిలిచెను; చాల కుటుంబములు మరల వడ్డీవ్యాపారి యరుగెక్కవలసివచ్చెను. ద్వారము మూయుట నియంత్రణము కాదని మా యభిప్రాయము.

2022లో రిజర్వుబ్యాంకు జారీచేసిన నియమములు అప్పు ఇచ్చుటకు ముందే పరీక్ష పెట్టినవి. సాలుకు 3 లక్షల రూపాయలలోపు ఆదాయముగల కుటుంబమునకు తాకట్టులేక యిచ్చు అప్పులు వీని క్రిందికి వచ్చును. ఇంటి అప్పు లన్నిటి కిస్తులు కలిసి నెలసరి ఆదాయమున సగమును మించునట్లు ఋణ మీయరాదు. కొలిచి చూచు భార మిచ్చువానిదే. ఉదయము 9 గంటలకు ముందు, సాయంత్రము 6 తరువాత వసూలునకు రారాదు, దుర్భాష లాడరాదు. గడువునకు ముందే తీర్చిన జరిమానా లేదు. ఆలస్యమైనచో గడువు దాటిన మొత్తముపైననే రుసుము గాని, అప్పంతటిమీదను గాదు.

ఇక వడ్డీ లెక్క. ఇందే మోసము దాగును గనుక కొంచెము నిదానముగా చూడుడు. “నూటికి రూపాయి మాత్రమే” యని 10,000 రూపాయ లిచ్చి, 12 నెలల కిస్తులలో 11,200 రాబట్టుదురు. వినుటకు ధర్మవడ్డీయే. కాని మీరు నెలనెల అసలు తీర్చుచున్నారు గదా! మొదటినెల మీవద్ద 10,000 ఉండగా కడపటినెల 833 మాత్రమే యుండును. పండ్రెండు నెలల నిల్వలను కూడిన 65,000 అగును. దానిపై 1,200 అనగా నూటికి నెలకు 1 రూపాయి 85 పైసలు. సాలునకు 22 పైచిలుకు. రుసుములని ముందే కోసికొన్నచో ఇంకను హెచ్చు. ఈ ఖర్చులన్నియు కలిపి సాలునకు నూటికెంత యగునో ఒక్క అంకెలో తెలుపు వివరపత్రమును, మీకు తెలిసిన భాషలో ఋణకార్డును ఇయ్యవలెనని నియమము. అడిగి తీసికొనుడు. ఖాళీనోటుపై చేవ్రాలు మాత్రము ఎవరడిగినను చేయకుడు.

జంగారెడ్డిగూడెము రైతునకు మరియొక చిక్కు. వర్జీనియా పొగాకు వేసినవానికి నారుమడి మొదలు బ్యారన్ కట్టెలవరకు ఖర్చే. ఆకు వేలమున అమ్ముడుపోవువరకు చేతికి పైకమురాదు. పంటబ్యాంకు అప్పును వేలపు సొమ్మునుండి జమకట్టు ఏర్పాటు అందుకే యుక్తము. అట్టివానిచేత నెలకిస్తు వ్రాయించుకొన్నచో, రెండవ నెలనుండియే అప్పు తెచ్చి కట్టును. కిస్తు కాలమును ఋణగ్రస్తుని యవసరమునుబట్టి సడలించు విధానము సంస్థలకు ఉండవలెనని పైనియమములలోనే కలదు. దీనిని తెలిసి కోరినవారు తక్కువ. కౌలురైతునకు పత్రములు లేక సొసైటీ తలుపు సగమే తెరచియుండుటయు, అతడు హెచ్చువడ్డీకి లొంగుటకు కారణమే. అది మన సంఘములు చూడవలసిన పని.

అన్యాయము జరిగినచో మొదట ఆ సంస్థకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, నకలు దాచుకొనుడు. 30 దినములలో బదులు రానిచో, లేక తృప్తికరము కానిచో, రిజర్వుబ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే విన్నవించుకొనవచ్చును. వ్రాయుటకు చేతకానివారు ఋణకార్డును, రసీదులను వెంటగొని సంఘ కార్యదర్శివద్దకు వచ్చినచో అర్జీ వ్రాసిపెట్టుట కాతనికి అరగంట పని.