పాత మస్టాంగ్ ఒరిగిపోతోందా?

ప్రశ్న: నా 1966 మస్టాంగ్ మలుపుల్లో పక్కకి ఒరిగిపోతోంది. ముందు సస్పెన్షన్ మొత్తం మార్చెయ్యాలా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తొందరపడకండి. బండిని జాకీతో ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బాల్ జాయింటో బేరింగో అరిగినట్టే. పాత రబ్బరు బుష్‌లు ఎండి పగుళ్లిచ్చి ఉంటాయి. అవి మారిస్తేనే సగం జబ్బు పోతుంది. ఈ బండిలో స్ప్రింగు పై కంట్రోల్ ఆర్మ్ మీద కూర్చుంటుంది, బరువంతా షాక్ టవర్ మోస్తుంది. అక్కడ చీలిక కనిపిస్తే ముందు దాని సంగతే చూడండి.

ఆపైన నాకిష్టమైన చిట్కా: పై ఆర్మ్ బిగించే రంధ్రాలను అంగుళం దించడం. 1965 షెల్బీ జీటీ350కి చేసిందిదే. మలుపులో బయటి టైరు నేలను బాగా పట్టుకుంటుంది. లావుపాటి యాంటీ రోల్ బార్ వేస్తే ఒరుగుడూ తగ్గుతుంది. స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం కంప్రెసర్ లేకుండా చెయ్యి పెట్టొద్దు.