రత్నాకరంలో అతిథులు

సముద్రానికి మన పూర్వకవులు వాడిన పేర్లలో 'రత్నాకరం' ఒకటి. రత్నాలకు నిలయమని దాని అర్థం. నవరత్నాలలో చోటు పొందిన పగడం ఆ సముద్రగర్భంలోనే పుడుతుంది. అయితే అది వజ్రవైడూర్యాల వంటి రాయి కాదు. చిన్నచిన్న సముద్రజీవులు తరతరాలుగా కట్టుకున్న సున్నపు గూడు. ఆభరణాలకు వాడే ఎర్రపగడం వాటిలో ఒక జాతి. సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు వేరే జాతులు. సజీవమైన ఆ దిబ్బలను చూడగోరే యాత్రికులను ఆకర్షించే ప్రదేశాలలో అండమాన్ దీవులలోని స్వరాజ్ ద్వీప్ ప్రసిద్ధమైనది.

2018 వరకు ఈ ద్వీపం పేరు హేవ్‌లాక్. శ్రీ విజయపురంగా 2024లో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుండి పడవలో ఇక్కడికి చేరుకోవాలి. తెలుగువారికి అండమాన్ దీవులు కొత్తవి కావు. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరంలో మహావృక్షాలు ఇసుక అంచు వరకు వచ్చి నిలిచి ఉంటాయి. ఈ పచ్చదనం కేవలం కనువిందు కోసం కాదు. వానకు కొట్టుకుపోయే మట్టిని అడవి వేళ్ళు పట్టి ఉంచుతాయి. మిగిలిన ఒండ్రును మడ అడవులు ఆపుతాయి. ఆ ఒండ్రు సముద్రంలో చేరితే పగడాలకు వెలుతురు అందదు. కనుక ఒడ్డున చెట్టు కూలితే నీటిలో పగడం నశిస్తుంది.

పగడానికి వెలుతురు ఎందుకు? దాని దేహంలో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి తమకు ఆశ్రయమిచ్చిన పగడానికి పంచుతాయి. పగడానికి రంగునిచ్చేవి కూడా ప్రధానంగా అవే. సముద్రజలం సాధారణ స్థితి కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ స్నేహం చెడుతుంది. శైవలాలు వెలుపలికి పోయి పగడం తెల్లబారుతుంది. 2010లో అండమాన్ సముద్రంలో ఇదే జరిగి అనేక దిబ్బలు దెబ్బతిన్నాయి. అంతకుముందు 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచింది. నీటి నుండి బయటపడిన పగడాలు ఎండి చనిపోయాయి.

ఇటువంటి లోకంలోకి దిగడమే స్కూబా డైవింగ్. వీపున మోసే సిలిండరులో ఉండేది సామాన్యంగా ఒత్తిడితో నింపిన మామూలు గాలే. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. అందుచేత లోతున ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచించి ప్రాణాపాయం కలుగుతుంది. ఎన్నడూ శ్వాసను బంధించరాదన్నది ఈ విద్యలో మొదటి పాఠం.

రెండవ పాఠం సమతూకం. మునగక, తేలక నీటి నడుమ నిలవడం నేర్చుకోవాలి. నిండుగా గాలి పీల్చితే దేహం కొద్దిగా లేస్తుంది, విడిస్తే దిగుతుంది. ఈ నేర్పు లేనివాడు తడబడి కాళ్ళు ఆడిస్తాడు, ఆధారం కోసం దిబ్బను పట్టుకుంటాడు. బండల వలె గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఎదుగుతాయి. ఎన్నో ఏళ్ళ శ్రమ ఒక్క తన్నుకు ముక్కలవుతుంది. ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కనైనా ఇంటికి తీసుకుపోవడం నేరం.

వేడెక్కే సముద్రాన్ని ఒక్క యాత్రికుడు చల్లార్చలేడు. కాని తన చేతిని, కాలిని అదుపులో ఉంచుకోగలడు. రత్నాకరం నుండి రత్నాన్ని తెచ్చుకోవడం ఒకనాటి సాహసం. రత్నాన్ని దాని చోటనే ఉంచి, చూచి, వట్టి చేతులతో తిరిగి రావడం నేటి సంస్కారం.

ప్రశ్నలు
1. ఒడ్డునున్న అడవికి, నీటిలోని పగడానికి గల సంబంధాన్ని వివరించండి.
2. 'వట్టి చేతులతో తిరిగి రావడం నేటి సంస్కారం' – ఈ వాక్యాన్ని సమర్థించండి.