స్పానిష్ పదాల్లో ఊనిక ఎక్కడ?

స్పానిష్ పదం రాతను చూస్తే చాలు, ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో తెలిసిపోతుంది. ఆ రాత పద్ధతిలోని గొప్ప సుగుణమిది. పదం చివర అచ్చు గాని, ఎన్, ఎస్‌లు గాని ఉంటే ఊనిక చివరి నుంచి రెండో అక్షరంపై పడుతుంది: కా-స (ఇల్లు). మిగతా హల్లులుంటే చివరి అక్షరంపైనే: ప-పెల్ (కాగితం), మ-ద్రిద్. ఈ సూత్రం తప్పితే అచ్చుపై ఏటవాలు గీత పెడతారు. పెరూ, బొగొతా, పనమా అలాంటివే. ఊనిక చివరి నుంచి మూడో అక్షరంపై పడే మెహికో (మెక్సికో) వంటి పదాలకు గీత తప్పనిసరి.

ఈ గీతను అలంకారంగా చూడకూడదు. అర్థమే దానిపై ఆధారపడుతుంది. ‘అబ్లో’లో మొదటి అక్షరం ఒత్తితే ‘మాట్లాడతాను’, గీతతో చివరిది ఒత్తితే ‘మాట్లాడాడు’.

ఊనిక స్థానాన్ని లెక్కించాలంటే పదాన్ని అక్షరాలుగా విడగొట్టడం తెలియాలి. ఆ విభజనలో అ, ఎ, ఒ అచ్చుల్లో రెండు పక్కపక్కన వస్తే విడిపోతాయి: తె-ఆ-త్రొ (నాటకశాల).