ప్రాజెక్టుకు నమూనా వివరాలు ఎలా ఉండాలి?

బి.సి.ఎ., బి.టెక్. చదివే మన పిల్లలు ప్రాజెక్టు కింద స్కాలర్‌షిప్ దరఖాస్తుల వెబ్‌సైటు వంటివి తయారుచేస్తుంటారు. అది సరిగా నడుస్తోందో లేదో చూడాలంటే డేటాబేస్‌లో వందలకొద్దీ పేర్లు ఉండాలి. తెలిసినవారి ఆఫీసు నుండి అసలు జాబితా తెచ్చి ఎక్కించడం సులువే. కానీ అందులో ఖాతా నంబర్లు, ఆధార్, తండ్రి ఆదాయం అన్నీ ఉంటాయి. ల్యాప్‌టాప్ నుండి పెన్‌డ్రైవ్‌కు, అక్కడినుండి స్నేహితులకు చేరతాయి. ఒక ఖాతాదారుని నిల్వ ఇంకొకరికి చెప్పకూడదని బ్యాంకులో మాకు మొదటిరోజే చెప్పేవారు. ఇదీ అంతే. తల్లిదండ్రులకు కంప్యూటరు రాకపోయినా, తెరమీద పేర్లు చూసి "ఇవి ఎవరివి బాబూ?" అని అడగవచ్చు.

కల్పిత వివరాలు తయారుచేయడానికి పైథాన్‌లో ఫేకర్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. దానికి ఒక స్థిరమైన సీడ్ సంఖ్య ఇస్తే ప్రతిసారీ అవే వివరాలు వస్తాయి, దొరికిన తప్పును మళ్లీ పట్టుకోవచ్చు. ఈ-మెయిల్ చిరునామాలకు ఎగ్జాంపుల్ డాట్ కామ్ వాడండి. 1999 నుండి అది ఇటువంటి అవసరాలకే కేటాయించబడింది. పది అంకెల మొబైల్ నంబరు కల్పిస్తే అది నిజంగా ఎవరిదో కావచ్చు. కాబట్టి ఎస్సెమ్మెస్ పంపే భాగాన్ని ఆపి ఉంచాలి.

అయితే యంత్రం ఇచ్చే పేర్లు మరీ శుభ్రంగా ఉంటాయి. కొన్ని చిక్కు పేర్లను చేత్తో చేర్చమని నా సలహా. తమిళనాడులో ఇనీషియల్ సాధారణంగా తండ్రి పేరుది, ఆంధ్రలో ఇంటిపేరుది. ఇంటిపేరు గడి తప్పనిసరి చేస్తే హోసూరు పిల్లవాడు ఏమి రాయాలి? యానాం పుదుచ్చేరిలో భాగం, పిన్‌కోడ్ మాత్రం 533464, ఆంధ్ర వరుసలోనిది. పిన్‌కోడ్ చూసి రాష్ట్రం ఊహించే ప్రోగ్రాం అక్కడ తప్పుతుంది. "లక్ష్మి" కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, యు.టి.ఎఫ్.-8లో 21 బైట్లు. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు ఒకటి తప్పక పెట్టండి. దాన్ని సంఖ్యగా దాస్తే ముందున్న సున్నా పోతుంది, డబ్బు చేరవలసిన చోటికి చేరదు.

ఖాతా తెరవకుండా వోచరు పోస్టు చేయలేము కదా! ఇక్కడా ముందు కాలేజీలు, తరువాత విద్యార్థులు, ఆపైన చెల్లింపులు నింపాలి. నింపాక మంజూరైన మొత్తం, చెల్లించినది, మిగిలినది కాగితం మీద కూడి ప్రోగ్రాం చూపే అంకెతో టాలీ చేసుకోండి.