రక్తంలో కొడవలి

మన రక్తంలో ఎర్ర కణాలు మధ్యలో వేలితో నొక్కిన పిండిముద్దల్లాగా గుండ్రంగా ఉంటాయి. సికిల్ సెల్ జబ్బులో అవి కొడవలిలాగా వంగిపోయి సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు కీళ్ళు భరించలేనంత నొప్పి పెడతాయి. (చూసేవాళ్ళు నాటకం అంటారు. కాదు.) మన ఆదివాసీల్లో ఈ జబ్బు ఎక్కువ.

1949లో అమెరికాలో లైనస్ పౌలింగ్, ఆయన తోటివాళ్ళు హిమోగ్లోబిన్‌ని విద్యుత్ క్షేత్రంలో పెట్టి చూశారు. జబ్బు ఉన్నవాళ్ళది వేరుగా కదిలింది. అంటే తేడా ఆ అణువులోనే ఉందన్నమాట. కరెంటుతో జబ్బు గుట్టు తెలియడం నాకు భలే నచ్చింది.

ఇంక లెక్క. అమ్మకీ నాన్నకీ చెరొక మంచి జన్యువు, చెరొక చెడ్డ జన్యువు ఉన్నాయనుకోండి. వాళ్ళు మామూలుగా బాగానే ఉంటారు. రెండు గిన్నెలు తీసుకుని ఒక్కోదాంట్లో ఒక చింతగింజ, ఒక చిక్కుడుగింజ వేయండి. చూడకుండా గిన్నెకొకటి తీయండి. రెండూ చింతగింజలే వస్తే బిడ్డకి జబ్బు. ఆ అవకాశం 4లో 1. ముందు బిడ్డకి వచ్చింది కాబట్టి ఇంక రాదు అనుకోకూడదు. ప్రతి కాన్పుకీ గింజలు మళ్ళీ గిన్నెలో వేసి తీసినట్టే. ఇందులో చేతబడి ఎక్కడుంది?

2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా క్యాస్‌జెవీ అనే చికిత్సకి అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలు బయటికి తీసి, జన్యువు దగ్గర కత్తిరించి తిరిగి ఎక్కిస్తారు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు! మన ఏజెన్సీకి ఎప్పుడొస్తుందో.

మన దేశంలో 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. పరీక్షకి ఒక్క చుక్క రక్తం చాలు, సూదికి భయపడి దాక్కోకండి. ఈ జబ్బువాళ్ళు నీళ్ళు బాగా తాగాలి, చలి తగలకూడదు. వార్డెన్ మేడం గారూ, రాత్రిపూట నీళ్ళ బిందె మా గదిలోనే పెట్టుకోనిస్తారా?