‘ఏం లేదు’ అనే అలవాటు

“ఏమైంది, అలా ఉన్నారు?” అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. “ఏం లేదు” అంటూ మనం ఫోన్‌లో తల దూరుస్తాం. ఏదో ఉందని అడిగినవాళ్లకు తెలుసు, వాళ్లకు తెలుసని మనకూ తెలుసు. అయినా అనేస్తాం. తమ్ముడికిచ్చిన చేబదులు, బ్యాంకులో తాకట్టు పెట్టిన గాజులు, ఆఫీసులో పడిన మాట... అన్నీ ఆ రెండు మాటల వెనకే దాస్తాం. పైగా “వాళ్లను బాధపెట్టడం ఎందుకు?” అంటాం. నిజం చెప్పండి, మీరు కాపాడుతున్నది వాళ్లనా, మీ పరువునా?

కోప్పడుతున్నాననుకోకండి. మగవాడు కష్టం చెప్పుకుంటే చేతగానివాడనుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి. నాకు ఇప్పటికీ మాట గొంతులోనే ఆగిపోతుంటుంది.

గాంధీజీ పదిహేనేళ్ల వయసులో, అన్న చేసిన పాతిక రూపాయల అప్పు తీర్చడానికి ఆ అన్న దండకడియంలోంచే బంగారు ముక్క దొంగిలించారు. తర్వాత మనసు నిలవక, జరిగిందంతా కాగితం మీద రాసి, జబ్బుతో పడుకున్న తండ్రి చేతికిచ్చారు. తండ్రి లేచి కూర్చుని చదివారు. కన్నీళ్లతో కాగితం తడిసింది. దాన్ని చించేసి మళ్లీ పడుకున్నారు, పల్లెత్తు మాట అనలేదు. ఆ ఒప్పుకోలుతో తండ్రికి తన గురించి బెంగ తీరిందని, ప్రేమ ఇంకా పెరిగిందని గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు.

నిజాయితీగా మాట్లాడితే బంధం చెడుతుందని మనం భయపడినంతగా చెడదని అమెరికా పరిశోధకులు ఎమ్మా లెవీన్, టయా కోహెన్ 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా చెబుతోంది.

నేను పట్టుకున్న అలవాటు ఒక్కటే. “ఏం లేదు” అనాలనిపించినప్పుడు “ఉంది, రాత్రి చెబుతాను” అంటాను. అడిగినవాళ్లు లేనిపోనివి ఊహించుకోరు, నాకూ మాటలు కూర్చుకునే వ్యవధి దొరుకుతుంది. భోజనాలయ్యాక టీవీ కట్టేసి డాబా మీద కూర్చుంటాం. “నువ్వు ఇలా చేశావు” అని కాదు, “నాకు భయంగా ఉంది” అని మొదలుపెడతాను. కొన్ని రాత్రులు సగమే బయటికొస్తుంది. ఫరవాలేదు, మిగతాది రేపు. కానీ రాత్రి చెబుతానన్న మాట మాత్రం తప్పకూడదు. తప్పితే అదీ ఒక అబద్ధమే అవుతుంది.

మిగిలినవి మీకు తెలిసినవే. కోపంలో చెప్పొద్దు, పిల్లల ముందు వద్దు, మూడోమనిషి రహస్యం బయటపెట్టొద్దు. “నేను ముక్కుసూటి మనిషిని” అంటూ ఎదుటివాళ్ల లోపాలు ఏకరువు పెట్టేవాళ్లు దాన్ని నిజాయితీ అనుకోవద్దు, అది నోటిదురుసు. నిజం చెబితే చేయిచేసుకునే మనిషి ఇంట్లో ఉంటే ఈ సలహా పక్కనపెట్టండి. ముందు మీ క్షేమం.

ఇంకొక్క మాట, వినేవాళ్లకు. మీ అబ్బాయి తప్పు ఒప్పుకోవడానికి వస్తే ఆ పూట చేయెత్తకండి, ఉపన్యాసం ఇవ్వకండి. “చెప్పి మంచిపని చేశావు నాన్నా” అనండి. సరిదిద్దడం రేపు చూసుకోవచ్చు. ఈరోజు తిట్టి పంపితే మళ్లీ మీ దగ్గరికి రాడు.